కడపలో మూడు రోజులు, ఒక తాటాకు కట్ట

తిరిగొచ్చి నాలుగు రోజులైంది. సంచీలో పెట్టిన బట్టలకు నిమ్మగడ్డి నూనె వాసన ఇంకా పోలేదు. ఆ వాసన ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

మా అత్తయ్యది కడప దగ్గర పెన్న ఒడ్డున ఒక పల్లె. ఊరి లెక్కలు రాసే కరణాల ఇల్లు. పెళ్ళయి బెజవాడ వచ్చి యాభై ఏళ్ళు దాటింది. పోయిన దసరాకి ఆవిడ తమ్ముడు పాత మిద్దె పడగొట్టిస్తుంటే అటక మీద ఒక తాటాకు కట్ట దొరికింది. జానెడున్నర పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, మధ్యలో చిల్లి, చిల్లిలోంచి నల్లబడ్డ నూలుతాడు, పైనా కిందా చెక్కపలకలు. ఇంటికి పెద్దబిడ్డ కదా అని ఆయన దాన్ని అక్కకే పంపించాడు. అత్తయ్య ఎర్ర జాకెట్టు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. రోజూ దానికీ ఒక పువ్వు, చిటికెడు కుంకుమ.

అందులో ఏముందో ఎవరికీ తెలీదు. విప్పి చూస్తే ఆకు మీద సన్నటి గీతలు తప్ప అక్షరం ఆనడం లేదు. మా ఆయన ఎవరికీ తెలియని ప్రబంధం అంటాడు. మా వాడు నిధి ఉన్న చోటు రాసుంటుందంటాడు. కడపలో బ్రౌన్ దొర ఉన్న చోట కట్టిన గ్రంథాలయంలో ఇలాంటివి చదివేవాళ్ళు ఉంటారని తెలిసి, అత్తాకోడళ్ళం బయలుదేరాం.

డిసెంబరు 15, సోమవారం: వేరే మ్యూజియం

లాడ్జి గురించి ఒక్క మాట చాలు. వేడినీళ్ళు ఆరు నుంచి ఏడు దాకా అన్నారు, ఆరుంబావుకే అయిపోయాయి.

చన్నీళ్ళ స్నానం చేసి వణుకుతూ వచ్చిన ప్రాణానికి కారం దోశ దొరికింది. బెజవాడ మనిషిని, కారం నాకేం కొత్త అనుకున్నాను. పెనం మీద దోశ పడగానే ఎండుమిరపకాయల ఎర్రకారం గరిటెడు పూసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి, ఓ ముద్ద ఆలుగడ్డ కూర పెట్టి మడిచిస్తారు. మొదటి ముక్కకు ఏమీ అనిపించలేదు. మూడో ముక్కకు చెవులు వేడెక్కాయి. యాభై రూపాయలు. నేను ఒకటి తినలేక తిన్నాను. అత్తయ్య రెండు తిని, మూడోసారి కారం మాత్రమే అడిగి వేయించుకుంది.

"తెల్లగడ్డ బాగా పడింది మే" అంది నాతో.

నేను తినడం ఆపేశాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను 'మే' అని పిలవలేదు. మా ఇంట్లో ఎప్పుడూ 'అమ్మాయ్' అనే. వెల్లుల్లి అనేది, ఉల్లిపాయ అనేది, వేరుశనగ గుళ్ళు అనేది. కడప నేల మీద అడుగు పెట్టి గంట కాకముందే అవన్నీ తెల్లగడ్డ, ఎర్రగడ్డ, చెనిక్కాయలు అయిపోయాయి. దోశలు పోసే అబ్బాయి "అవ్వా, యా ఊరు మీది?" అనడిగితే ఊరి పేరు, ఇంటి పేరు, తమ్ముడి పేరు అన్నీ చెప్పింది. అతను "ఓ, వాళ్ళా!" అన్నాడు. వాళ్ళెవరో అతనికి నిజంగా తెలుసో లేదో కానీ, చెట్నీ మాత్రం ఇంకో గిన్నె వచ్చింది.

తప్పు నాది. ఆటో అబ్బాయితో 'మ్యూజియం' అన్నాను. అతను తీసుకెళ్ళి మ్యూజియం దగ్గరే దింపాడు, ఎనభై రూపాయలు. బోర్డు చూస్తే భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం అని ఉంది. "బ్రౌన్ దొర లైబ్రరీ అని చెప్పాల గదక్కా, అదేమో యర్రముక్కపల్లెలో ఉండాది" అన్నాడు. వచ్చాం కదా, చూసే పోదామంది అత్తయ్య.

మంచిదే అయింది. ఊళ్ళోని జైనులు విరాళాలిస్తే 1982లో పెట్టిన మ్యూజియం ఇది, ఆ పేరు అందుకే. జిల్లాలో పాడుబడ్డ గుళ్ళ నుంచీ, పొలాల గట్ల నుంచీ తెచ్చిన రాతి విగ్రహాలు, శాసనాలు. నేనైతే విగ్రహం చూసి, ముక్కు విరిగిందా చెయ్యి విరిగిందా అనుకుని ముందుకు పోయే రకం. అత్తయ్య విగ్రహాలు చూడలేదు, పక్కనున్న పలకలే చదివింది. దొరికిన ఊరి పేరు కనబడితే చాలు, ఆగిపోతుంది. "నందలూరు, మా పెద్దమ్మ కూతురి అత్తగారిల్లు." "గండికోట, మా నాయన జమాబందీకి జమ్మలమడుగు పోతే ఆడికీ పోయొచ్చేవాడు." చుట్టాలింటికి వచ్చి గోడ మీది ఫోటోలు చూస్తున్నట్టే తిరిగింది.

ఒక వీరగల్లు దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం. ఈ సీమలో వీరగల్లులకు కొదవ లేదు. ఊరి పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయినవాడికి ఊరు నిలబెట్టే రాయి అది. కింద యుద్ధం, మధ్యలో దేవకన్యలు చెరో రెక్కా పట్టుకుని పైకి తీసుకుపోవడం, పైన లింగం ముందు వీరుడు కూర్చోవడం. కిందినుంచి పైకి చదవాలి. "వీళ్ళకు మా ఊర్లో సున్నం కొట్టి టెంకాయ కొడతారు మే. ఈడికి తెచ్చి టెంకాయ లేకుండా చేసినారు" అంది అత్తయ్య, గొంతు తగ్గించి, రాయి వింటుందేమో అన్నట్టు.

జైనుల పేరు మీద మ్యూజియం కాబట్టి దానవులపాడు గురించి నాకు కుతూహలం. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన జైన క్షేత్రం అది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వారు. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు జైన తీర్థంకరుడు శాంతినాథుడి అభిషేకానికి చేయించిన రాతిపీఠం అక్కడ దొరికిందే. అది ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. అప్పట్లో ఏ మంచిది దొరికినా దారి మద్రాసుకే.

సాయంత్రం దేవుని కడపకు పోయాం. తిరుమలకు గడప ఇది, అందుకే కడప అయిందంటారు. ఉగాదినాడు ఇక్కడికి ముస్లింలు కూడా వచ్చి బీబీ నాంచారమ్మ మొగుడని వెంకన్నకు మొక్కుకుని పోతారు. గుడి బయట బొరుగులు, మిరపకాయ బజ్జీలు తిన్నాం, ఇద్దరికీ కలిపి అరవై. మిరపకాయ బజ్జీ పొద్దుటి దోశ కంటే చల్లగా అనిపించింది.

డిసెంబరు 16, మంగళవారం: బ్రౌన్ ఉన్న చోటు

ఈసారి 'బ్రౌన్ దొర లైబ్రరీ' అని స్పష్టంగా చెప్పాను. ఆటో అబ్బాయి ఇంకేం అడగలేదు. చనిపోయి నూట నలభై ఏళ్ళయిన ఇంగ్లీషు ఉద్యోగి ఇంటికి ఈ ఊళ్ళో అడ్రసు చెప్పక్కర్లేదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కలెక్టరు దగ్గర అసిస్టెంటుగా కడప వచ్చాడు. వచ్చేనాటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం, రైతులతో మాట్లాడాలంటే తెలుగు కావాలి. మొదట పని కోసం నేర్చుకున్నది తర్వాత పిచ్చిగా మారింది. ఇక్కడ ఒక బంగళా కొని, అందులో పండితులను పెట్టుకుని, తన జీతంలోంచీ అప్పుల్లోంచీ వాళ్ళకు జీతాలిచ్చాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించడం, వాటిని కాగితాల మీద ఎత్తి రాయించడం, ఒకదానితో ఒకటి పోల్చి తేడాలు గుర్తు పెట్టించడం అక్కడి పని. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. దొర బదిలీల మీద బదిలీలు తిరుగుతుంటే అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఇక్కడ ఆ పనంతా చూసుకున్నాడు.

ఆ బంగళా ఇప్పుడు లేదు. మొండిగోడలు మిగిలిన ఆ స్థలంలో గ్రంథాలయం లేవాలని పట్టుబట్టి, చందాలు పోగుచేసి కట్టించినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారిది. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి రిటైరయ్యాక బ్రౌన్ కోసం గడప గడపా తిరిగాడు. ఇప్పుడు ఈ కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. ఇది ఎవరు కలిపారో కానీ బాగా కుదిరింది. పండితులు పక్కన పెట్టిన వేమన పద్యాలను ఏరి, 1829లో 693 పద్యాలు అచ్చు వేయించింది బ్రౌనే. ఆ వేమన పేరున్న విశ్వవిద్యాలయం చేతికే ఆయన చోటు వచ్చింది.

భవనం గురించి గొప్పగా చెప్పేందుకు ఏం లేదు, మామూలు కట్టడం. డబ్బు వచ్చినప్పుడల్లా కొంత కట్టినట్టు తెలిసిపోతుంది. నాకు అదే నచ్చింది. పాలరాతి మెట్లూ అద్దాల గోడలూ ఉంటే అత్తయ్య చెప్పులు విప్పి బయటే నిలబడేది. ఇక్కడ తిన్నగా లోపలికి పోయి, పేపరు చదువుతున్న పెద్దాయన పక్కన కూర్చుంది. ఆయన ఒక పేజీ తీసి ఆవిడకిచ్చాడు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఒక పక్క, వాళ్ళ నీళ్ళ సీసాలు ఒక పక్క.

అరల్లో బ్రౌన్ నిఘంటువులు ఉన్నాయి. 1852లో వచ్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెలుగువాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. నాకు 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు మీదే ఎక్కువ ఇష్టం. కచేరీల్లో, సంతల్లో జనం నోట తిరిగే అరబ్బీ, ఫార్సీ, హిందుస్తానీ మాటల్ని ఇవి తెలుగు కావు పొమ్మనకుండా, ఏరి కూర్చి పెట్టిన పుస్తకం అది. జమాబందీ, చిట్టా, కైఫీయత్తు అని అత్తయ్య ఇంట్లో వాడే మాటల్లో సగం అలాంటివే.

కైఫీయత్తుల సంపుటాలూ ఉన్నాయి. సర్వే దొర కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వారు, ఏ పాలెగాడు ఎప్పుడు పడ్డాడు అని కరణాల చేత చెప్పించి రాయించుకున్న ఊరి చరిత్రలు. కడప జిల్లావి ఈ కేంద్రమే అచ్చు వేసింది. అత్తయ్య తన ఊరి కోసం అరగంట వెతికించింది. దొరకలేదు. పక్క ఊరు దొరికింది. "వాళ్ళకంటే మాదే పెద్దూరు" అని మూతి ముడుచుకుంది.

ఇక కట్ట. అక్కడ రాతప్రతులు చూసే అబ్బాయి దగ్గరకు మమ్మల్ని పంపారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎర్రగుడ్డ విప్పగానే మొదట వాసన చూశాడు, తర్వాత కుంకుమ చూశాడు. "అమ్మా, పూజ చేసుకోండి, తప్పు లేదు. కానీ కుంకుమ, పువ్వు బయటి గుడ్డ మీద పెట్టండి. తడి తగిలితే ఆకుకు బూజు పడుతుంది, పురుగు లేస్తుంది" అన్నాడు. మొహమాటపడుతూనే చెప్పాడు. అత్తయ్య సిగ్గుపడి కొంగుతో తుడవబోతే, ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు కూడా.

మెత్తటి గుడ్డతో ఒక ఆకు దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనెలో కాస్త మసి కలిపి రుద్ది, పైపైన తుడిచేశాడు. గంటంతో గీసిన గాట్లలో నలుపు నిలబడింది, మిగతాది పోయింది. అంతదాకా ఏమీ లేని ఆకు మీద అక్షరాలు వరసగా లేచాయి. నాకు ఒళ్ళు జలదరించింది. తాటాకు మీద సిరాతో రాయరని, ముందు గీస్తారని, తర్వాత మసి పూస్తారని పుస్తకాల్లో చదివినదాన్నే. కళ్ళముందు జరగడం వేరు.

మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. అబ్బాయి పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. నేను ప్రబంధం కోసం ఎదురుచూస్తున్నాను. "వీసం... వీసాలు... రెండు వీసాలు..." అని ఆగి, "ఇవి ఎక్కాలమ్మా" అన్నాడు.

ఎక్కాలు! మా ఆయన మొహం గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. అబ్బాయి అలవాటైనట్టు బ్రౌన్ నిఘంటువు తెచ్చి వీసము అన్న మాట చూపించాడు. పదహారో వంతు అని ఉంది. కుడిపక్కన అక్షరాలు కాని గీతల దగ్గర మాత్రం అతను కాసేపు తటపటాయించాడు.

అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకుంది. "నిలువు గీత పావు. అడ్డ గీత వీసం. రెండు నిలువు గీతలుంటే అర. మా నాయన చిట్టాలో ఇట్లనే గీస్తాండె."

అబ్బాయి పెన్ను తీశాడు. ఇక అక్కణ్ణించి పాఠం తిరగబడింది. అతను అక్షరాలు చదవడం, ఆవిడ గీతలు చెప్పడం. "ఐదు వీసాలు?" "పావూ వీసం." "ఏడు?" "పావూ మూడు వీసాలు." మా అత్తయ్య చదువుకున్నది ఐదో తరగతి. అన్నదమ్ములకు వాళ్ళ జేజినాయన, అంటే తాత, పొద్దున్నే ఎక్కాలు చెప్పిస్తుంటే, తను పొయ్యి దగ్గర కూర్చుని విన్నదట. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. బెజవాడలో పాలవాడి లెక్క నోటితో తేల్చేస్తుంటే మాకు తమాషాగా ఉండేది, ఎక్కణ్ణించి వచ్చిందో ఎప్పుడూ అడగలేదు.

ఆకులు నలభై ఆరు. అన్నీ ఎక్కాలు కావు. చివర్లో ఎద్దులకు కడుపు ఉబ్బితే ఏం పోయాలో నాలుగాకులున్నాయి. నేను అన్నింటినీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాను. కేంద్రానికి ఇస్తే భద్రంగా ఉంటుందని అబ్బాయి అన్నాడు, బలవంతపెట్టలేదు. "ప్రబంధాలు ఎవరైనా దాస్తారమ్మా, ఇట్లాంటివి పొయ్యిలోకి పోతాయి" అన్నాడు. ఒక్క ఆకు నేనుంచుకుని మిగతావి ఇవ్వొచ్చా అనడిగింది అత్తయ్య. కట్ట విడదీస్తే విలువ పోతుందమ్మా, ఇస్తే మొత్తం ఇవ్వండి, లేదంటే మొత్తం మీరే ఉంచుకోండి అన్నాడు. తమ్ముణ్ణి అడిగి చెప్తానంది.

మధ్యాహ్నం భోజనం నూట ఇరవై. పప్పులో గోంగూర, గట్టి పెరుగు. అత్తయ్య ఏం మాట్లాడకుండా తింది. తింటూ వేళ్ళు మడుస్తోంది.

డిసెంబరు 17, బుధవారం: పుష్పగిరి, ఊరు

కారు మాట్లాడుకున్నాం, రోజుకు రెండువేలు. పుష్పగిరి కడపకు దగ్గరే. డ్రైవరు మమ్మల్ని ఏటి ఇవతలి గట్టుకు తీసుకెళ్ళాడు. చూడాలనుకున్న చెన్నకేశవుడి గుడి అవతలి గట్టున కొండ మీద కనిపిస్తోంది. మధ్యలో పెన్న, మోకాళ్ళ పైదాకా నీళ్ళు. ఎండాకాలమైతే ఇసుకలో నడిచిపోవచ్చు. మళ్ళీ వెనక్కి తిరిగి చుట్టూ పోయేసరికి గంట పట్టింది. డ్రైవరు మాత్రం ఆ గంటను మా ఖాతాలో వెయ్యలేదు, టీ కూడా తనే తాగించాడు.

గుడి గోడల మీద రామాయణం, కిరాతార్జునీయం వరసలు వరసలుగా చెక్కారు. మొన్న మ్యూజియంలో ఒక్కో బొమ్మా విడిగా నిలబడి ఉంటే కథ తెలియలేదు. ఇక్కడ గోడ పట్టుకుని నడిస్తే అర్జునుడు తపస్సు చేస్తాడు, నాలుగడుగులు వేస్తే శివుడితో కలబడతాడు. ఇక్కడ ఒకే ఆవరణలో శివుడూ ఉన్నాడు, కేశవుడూ ఉన్నాడు. అత్తయ్య ఇద్దరికీ ఒకే టెంకాయ కొట్టి చెరో చిప్పా పెట్టింది.

ఊళ్ళో మిద్దె ఉన్న చోట ఇప్పుడు పిల్లర్లు లేస్తున్నాయి. పాత మిద్దె దూలాలు పక్కన పేర్చి ఉన్నాయి. అత్తయ్య వాటి మీద కూర్చుంది, పిలిచినా లేవలేదు. మరదలు అన్నం పెట్టింది: రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి, వంకాయ పులుసు, నెయ్యి. సంగటిని నమలకూడదు, ముద్ద చేసి పులుసులో అద్ది మింగాలి. నేను నమిలాను. పిల్లలు నవ్వి, ఇంకో ముద్ద వేసి మళ్ళీ నేర్పించారు. ఈ సీమలో విస్తరి దగ్గర 'చాలు' అన్న మాటను ఎవరూ పట్టించుకోరు.

కట్ట సంగతి ఎత్తితే తమ్ముడు "నీకిచ్చినాం గదక్కా, నీ ఇష్టం. ఎక్కాలంటాండావు, ఎవురిక్కావాల?" అన్నాడు. ఆ మాటతో తేలిపోయింది. అత్తయ్య కట్టను సంచీలో ఇంకా కిందికి తోసి, కొంగు కప్పింది.

తిరిగి కడప వచ్చాక నిమ్మగడ్డి నూనె కోసం మూడు కొట్లు తిరిగాం. ఒకాయన నేల తుడిచే మందు ఇచ్చాడు. ఇంకొకాయన దోమలకా తలనొప్పికా అనడిగాడు. ఎక్కాలకు అంది అత్తయ్య. మూడో చోట, మూలికల కొట్లో దొరికింది, చిన్న సీసా నూట ఎనభై.

ఇంటికొచ్చాక

మా ఆయన రెండు రోజులు నిరాశగా తిరిగాడు. మా వాడు మాత్రం ఫోటోలు పెద్దవి చేసుకుని గీతల భాష పట్టేశాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర "నానమ్మా, మీ వాళ్ళు తప్పు రాశారు" అన్నాడు. పదకొండు వీసాల దగ్గర రెండు నిలువు గీతలు, రెండే అడ్డ గీతలు ఉన్నాయి. అంటే అరా రెండు వీసాలు. కావాల్సింది అరా మూడు.

అత్తయ్య అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుని, కట్ట విప్పి, ఆ ఆకు దీపం దగ్గర పెట్టి చూసింది. మూడో గీత ఉండాల్సిన చోట చిన్న చిల్లి ఉందంది. "పురుగు తినింది రా. మా వాళ్ళు తప్పు రాయరు."

నేనూ చూశాను. చిల్లి ఉన్నమాట నిజమే, కానీ అది కింది వరసలో ఉంది. నేనేం అనలేదు.